పక్కింటి గుమ్మం

అద్దెకున్నవాళ్ళని ఇల్లు ఖాళీ చెయ్యమంటే అది ఎవరి గొడవ? "ఇంటివాళ్ళకీ వాళ్ళకీ మధ్య సంగతి, మనకెందుకమ్మా" అని తలుపు దగ్గరగా వేసేసుకుంటాం. అదే మర్యాద అనుకుంటాం కూడా. కిటికీలోంచి మాత్రం చూస్తాం. వీధిలో పడ్డ మంచాలూ, బిందెలూ, దేవుడి పటాలూ చూసి "అయ్యో పాపం" అంటాం. ఆ జాలి నిజమైనదే. కానీ గడప దాటని జాలి వల్ల ఎవరికి ఒరిగేదేమిటి?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు స్కాట్లండులోని గ్లాస్గో ఆడవాళ్ళు గుర్తుకొస్తారు. అది 1915. మొదటి ప్రపంచయుద్ధం రోజులు. ఓడలు కట్టేచోటా, మందుగుండు ఫ్యాక్టరీల్లోనూ పనికోసం జనం ఊరిమీద వచ్చిపడ్డారు. ఇళ్ళు చాల్లేదు. ఇదే అదనని ఇళ్ళవాళ్ళు అద్దెలు పెంచేశారు, కొన్నిచోట్ల నూటికి 25 వంతులదాకా. చాలా ఇళ్ళలో మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళారు. ఇచ్చుకోలేనివాళ్ళు వీధిన పడాల్సిందే.

గోవన్ పేటలో మేరీ బార్బర్ అనే గృహిణి, మరికొందరు ఇల్లాళ్ళు ఇరుగుపొరుగుల్ని కూడగట్టారు. పాత అద్దె ఇస్తాం, పెంచింది ఇవ్వం అన్నారు. ఆ మాటే కాగితాల మీద రాసి కిటికీలకి అంటించారు. కోర్టు అమీనా వస్తూ కనిపిస్తే గంట మోగేది. వంట చేస్తున్నామె, బట్టలుతుకుతున్నామె చేతిలో ఉన్నదానితోనే దిగొచ్చేవారు. పిండిపొట్లాలూ తడిబట్టలూ అమీనా మీద పడేవి!

నవంబరు నాటికి సుమారు 20 వేల కుటుంబాలు చేరాయి. 17వ తేదీన కొందరిని కోర్టుకి పిలిస్తే వేలమంది వెంట వెళ్ళారు. ఓడల పనివాళ్ళు పని మానేసి వచ్చారు. కేసులు ఎత్తేశారు. ఆ డిసెంబరులోనే అద్దెల్ని యుద్ధానికి ముందున్న చోటే కట్టిపడేస్తూ చట్టం వచ్చింది. అప్పటికి ఆ ఆడవాళ్ళకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటయినా లేదు.

ఇల్లుగలవాళ్ళ కష్టమూ లేకపోలేదు. రెండు గదుల అద్దెమీదే రోజులు వెళ్ళదీసే పెద్దవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు. అద్దె ఎగ్గొట్టేవాళ్ళకి ఊరంతా వత్తాసు పలకాలని నేననను. కానీ ఇల్లు బాగుచేసి నాలుగు రూపాయలు ఎక్కువడగడం వేరు, ఎదుటివాళ్ళకి మరో దారి లేదని తెలిసి అడగడం వేరు. ఆ రెండో సందర్భంలో కూడా "వాళ్ళ గొడవ" అనగలమా?

ఇల్లు పొమ్మన్నప్పుడు మనిషిని ముందు కుంగదీసేది సిగ్గు. పదిమందీ చూస్తున్నారన్న సిగ్గు. చూసే పదిమందీ వచ్చి పక్కన నిలబడితే ఆ సిగ్గు అవతలివాళ్ళకి మారుతుంది. గ్లాస్గోలో గంట చేసిన పని అదేననిపిస్తుంది నాకు.

మనం గంటలు మోగించనక్కర్లేదు, పిండి చల్లనక్కర్లేదు. "వదినగారూ, నోటీసు వచ్చిందటగా, ఏం రాశారో చూద్దాం రండి. అద్దె రసీదులు దాచారా? ప్లీడరు దగ్గరికి నేనూ వస్తాను. పిల్లలకి ఈ పూట మా ఇంట్లోనే అన్నం" అంటే చాలదూ?