కుక్క కొరకు ఏడ్వవచ్చునా?

(ధ్యానమునకు: 2 సమూయేలు 12:1–7, మార్కు 7:24–30, లూకా 16:19–21)



మా సంఘములో ఒక వృద్ధ విధవరాలు ఉన్నది. కుమారులిద్దరును పనులకొరకు పట్టణమునకు పోయి అక్కడనే స్థిరపడిరి. ఆమె యింట నల్లని ఊరకుక్క యొకటి పెరిగెను. దానిని నల్లోడు అని పిలుచుచుండెను. ఆదివారము అది ఆమె వెంట గుడివరకు వచ్చి, ఆమె చెప్పుల ప్రక్కన పండుకొని, ఆశీర్వాదము ముగిసిన తరువాత ఆమెతో ఇంటికి పోవుచుండెను. మా సంఘపెద్దలలో ఒకరు కఱ్ఱ చూపి దానిని అదలించెడివారు. అది లేచి రోడ్డు అవతలకు పోయి, ఆయన లోపలికి వెళ్లగానే మరల వచ్చి పండుకొనెడిది.

గత వేసవిలో ఒక రాత్రి ఆ కుక్క లారీ క్రింద పడి చనిపోయెను. తెల్లవారగానే ఆమె వచ్చి నా యింటి అరుగుమీద కూర్చుండి, "అయ్యగారండీ, మా నల్లోడు పోయాడండీ. వాణ్ణి దేవుడు ఎక్కడ ఉంచుతాడండీ?" అని అడిగెను.

నేను ఒక పెండ్లికి పోవు తొందరలో ఉంటిని. పశువులకు మనవంటి ఆత్మ లేదనియు, తిండిలేని మనుష్యులు ఊరిలో ఉండగా విశ్వాసి కుక్క కొరకు ఏడ్చుట తగదనియు చెప్పితిని. ఆమె కొంగుతో ముఖము తుడుచుకొని, "అట్లాగేనండి" అని లేచి వెళ్లిపోయెను. ఆ ఆదివారము గుడికి రాలేదు. మరుసటి ఆదివారమును రాలేదు.

నేను చెప్పినదానిలో తప్పేమి? బైబిలులో కుక్కకు మంచి పేరు లేదుగదా. యెజెబెలు శవమును కుక్కలు తినెను. పౌలు ఫిలిప్పీయులకు వ్రాయుచు దుర్బోధకులను కుక్కలని హెచ్చరించెను. ప్రకటన గ్రంథములో కుక్కలు పట్టణము వెలుపల ఉన్నవి. ఇట్లు నన్ను నేను సమర్థించుకొనుచు నాలుగు దినములు గడిపితిని. అయిదవ దినమున ఆదివారపు ప్రసంగము కొరకు తెరచిన భాగము, నాతాను దావీదుకు చెప్పిన ఉపమానము.

ఆ బీదవానికి ఉన్నది ఒక్క గొఱ్ఱెపిల్ల. కొనుక్కొని తెచ్చి పెంచెను. అది అతని పిల్లలతో పెరిగెను, అతని ముంతలో త్రాగెను, అతని రొమ్మున పండుకొనెను, అతనికి కూతురువలె ఉండెను. ఈ కథను నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో! ప్రతిసారి దావీదు పాపమునకే పరుగెత్తితిని గాని, ఆ బీదవాని ముంతయొద్ద నిలువలేదు. ప్రియులారా, ఆ ప్రేమ వెఱ్ఱి ప్రేమయైనయెడల ఉపమానమే నిలువదు. "గొఱ్ఱెపిల్లే గదా, ఇంకొకటి కొనుక్కొమ్మనుము" అని దావీదు అనియుండవచ్చును. అట్లనలేదు. కోపముతో మండిపోయెను. జంతువును బిడ్డవలె చూచుకొన్న ఆ బీదవానిని ప్రవక్త ఒక్కమాటయైనను నిందింపలేదు. ఒక రాజు మనస్సాక్షిని మేల్కొలుపుటకు దేవుడు ఆ ప్రేమనే వాడుకొనెను. నేనైతే నా అరుగుమీద దానిని గద్దించి పంపివేసితిని.

కుక్కలను గూర్చిన కఠినమైన మాటలు ఆ దినములలో వీధులవెంట గుంపులుగా తిరుగుచు పెంటలమీద బ్రదికిన వాటినిగూర్చినవి. సురోఫెనికయ స్త్రీతో మన ప్రభువు మాటలాడినప్పుడు గ్రీకులో ఉన్నమాట వేరు. అది కుక్కపిల్లను, ఇంటి కుక్కను సూచించు చిన్నమాట. ఆ స్త్రీ దానినే గట్టిగా పట్టుకొనెను. బల్లక్రిందనున్నను ఇంటిలోనిదే గదా! మార్టిన్ లూథరుగారికి టోల్పెల్ అను కుక్క ఉండెను. అది భోజనపు బల్లయొద్ద మాంసపు ముక్కవైపు రెప్పవేయక చూచుట కనిపెట్టి, తాను అట్లు ఏకాగ్రతతో ప్రార్థింపగలిగిన ఎంత బాగుండునని ఆయన అన్నట్లు శిష్యులు వ్రాసియుంచిరి. తిండికొరకే గదా కుక్క విశ్వాసము అనువారు కలరు. మనము ప్రభువునొద్దకు మొదట దేనికొరకు వచ్చితిమో కూడ జ్ఞాపకము చేసికొనవలెను.

ఈ బంధము నిన్నటిది కాదు. 1914లో జర్మనీదేశములో బాన్ పట్టణమునొద్ద ఒబెర్‌కాసెల్ అనుచోట రాతిగని పనివారికి ఒక ప్రాచీన సమాధి దొరికెను. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితోకూడ ఒక కుక్క ఉన్నవి. అది సుమారు 14,000 సంవత్సరముల క్రిందటిదని పండితులు లెక్కకట్టిరి. 2018లో ఆ కుక్క పండ్లను పరీక్షించినవారు, అది పిల్లగా ఉన్నప్పుడు కఠినమైన వ్యాధి తగిలి వారములకొలది బాధపడెననియు, ఎవరో దగ్గరుండి సాకనియెడల అంతకాలము బ్రదికియుండదనియు తెలియజేసిరి. ఏడు నెలల పిల్ల. కాపలాకు గాని వేటకు గాని పనికిరాదు. అయినను దానికి నీళ్లు పట్టినవారెవరో ఉండిరి.

విధవరాలి ప్రశ్నకు వాక్యములో సూటియైన జవాబు లేదు. సృష్టి యంతయు విమోచనకొరకు మూలుగుచున్నదని రోమా 8వ అధ్యాయములో ఉన్నది. నీనెవెలోని పశువులనుకూడ దేవుడు తలంచుకొన్నట్లు యోనా గ్రంథపు చివరి వచనములో ఉన్నది. ఆమెకు నేను చెప్పవలసినది అంతే. అంతకంటె ఎక్కువ నేను చెప్పితిని.

అయితే నన్ను ఎక్కువగా నొప్పించినది మరియొక భాగము. లాజరు కురుపులతో ధనవంతుని వాకిట పడియుండగా కుక్కలు వచ్చి ఆ కురుపులు నాకెను. అతని హీనతను చూపుటకే అట్లు వ్రాయబడెనని కొందరు వ్యాఖ్యాతలు చెప్పుదురు. కావచ్చును. అయినను ఆ వాకిట అతని దగ్గరకు వచ్చినవారు మరి యెవరు? ఈ ముసలమ్మ కుమారులు పోయిన తరువాత నేను ఆమె యింటికి ఎన్నిసార్లు పోయితినని లెక్కించుకొంటిని. క్రిస్మసు చందాకు ఒకసారి, కోతపండుగ కానుకకు ఒకసారి. చీకటిపడిన తరువాత ఆమె ప్రక్కన కూర్చుండినది నల్లోడు.

కుక్కను ప్రేమించువారికి ఒక మాట. నీతిమంతుడు తన పశువుల ప్రాణమును లక్ష్యపెట్టునని సామెతలు 12వ అధ్యాయములో ఉన్నది. పిల్లకు మూడునెలలు నిండగానే పశువుల ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుడి, తరువాత డాక్టరు చెప్పిన గడువులో మరల వేయించుడి. ఎవరినైనను కుక్క కరచినయెడల కారము, సున్నము, పసరు పెట్టవద్దు. ధారగా పడు నీళ్లతో, సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ఆ వ్యాధి లక్షణములు బయటపడిన తరువాత బ్రదుకుట దాదాపు లేదు. వెనుకటివలె బొడ్డుచుట్టు సూదులు లేవు, ఇప్పుడు భుజమునకే వేయుదురు. భయపడనక్కరలేదు.

ఆ శనివారము సాయంకాలము ఆమె యింటికి పోయితిని. ఆ కఱ్ఱ చూపిన పెద్దగారును, నేను పిలువకయే, నా వెంట వచ్చిరి. పెరటిలో వేపచెట్టు క్రింద క్రొత్తమట్టి కనబడెను. "అమ్మా, ఆ దినము నేను తొందరపడి మాటలాడితిని, క్షమించుము" అంటిని. ఆమె జవాబు చెప్పక మాకు మంచము వాల్చెను. చాలసేపు నల్లోని సంగతులు చెప్పెను. మేము వింటిమి.

లేవబోవునప్పుడు పెద్దగారు గొంతు సవరించుకొని, తమ గేదెల పాకలో కుక్క పిల్లలను పెట్టినదనియు, ఒకటి తెచ్చి యిత్తుననియు చెప్పిరి.

ఆమె తల అడ్డముగా ఊపెను. "వద్దయ్యా. నేను ముందు పోతే దానికి దిక్కెవరు?"

"అంతదాకా వస్తే మా పాకలోనే ఉంటదిలే పిన్నీ. దానికింత అన్నం నేను పెట్టలేనా?"

ఆమె కొంతసేపు వేపచెట్టువైపు చూచి, "మగదా, ఆడదా?" అని అడిగెను.