నానీమా చేతి పచ్చబొట్టు

మా నానీమా చనిపోయిన రోజు గుసుల్ చేయిస్తున్న ఆడవాళ్ళలో ఒకామె చెయ్యి మధ్యలో ఆగిపోయిందట. రేగాకు వేసి కాచిన నీళ్ళు పోస్తుంటే ముంజేతి మీద వరసగా పచ్చ చుక్కలు, వాటి పక్కన తేలు బొమ్మ కనిపించాయి. "యా అల్లా, ఈ గునాహ్‌ని కబర్‌దాకా తీసుకుపోతోందే" అన్నదట. ఆ మాట పరదా దాటి, బయట కూచున్న మా దాకా వచ్చింది. జీవితమంతా నమాజు, రోజా వదలని మనిషిని చివరి స్నానంలో ఒక తేలు బొమ్మతో తూచారు. ఒంటి మీది గుర్తుకు ఎవరు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్న ప్రశ్న అప్పట్నుంచీ మమ్మల్ని వదలడం లేదు.

మాది బోనకల్. నిజాం జమానాలో, చిన్నపిల్ల నానీమాకు చెయ్యి గుంజుతుంటే ఆమె తల్లి పచ్చబొట్లు పొడిచే ఎరుకలామెను పిలిపించింది. పచ్చబొట్టు పొడిస్తే నొప్పి పోతుందని ఊరంతా నమ్మిన రోజులవి. ఎరుకలామె మసిలో ఆకుపసరు కలిపి, సూదులు కట్టి పొడిచి, పసుపు అద్ది, చేటెడు బియ్యం కొంగులో పోయించుకుపోయింది. తేలు బొమ్మ సాయిబుల పిల్ల చేతికి తగునా అని ఎవరూ అడగలేదు.

అప్పటి బతుకులో ఒంటికి గుర్తు పెట్టుకోవడం ఏ ఒక్క మతం సొత్తూ కాదు. పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తర్వాతివాడికి ముక్కు కుట్టి, పెంటయ్య అని పేరు పెట్టి చావు కళ్ళు కప్పేవాళ్ళు. ఉత్తరాదిన అలా ముక్కుపోగు పెట్టినవాడు నత్థూ. నత్థూ హిందువుల్లోనూ ఉన్నాడు, ముస్లిముల్లోనూ ఉన్నాడు. మా ఆడవాళ్ళ చెవుల అంచులకు వరసగా బాలీలు. ఉర్సుల్లో రఫాయీ ఫకీర్లు చెంపల్లోంచి కడ్డీలు దించుకుని చూపే జర్బులు. మాకు తూర్పున భద్రాచలం అడవుల్లో కోయ ఆడవాళ్ళకు పచ్చబొట్టు చచ్చాక కూడా వెంట వచ్చే నగ. మిగతా నగలన్నీ బతికున్నవాళ్ళు ఒలుచుకుంటారు. దాన్ని ఎవరూ ఒలవలేరు.

హదీసు ఏం చెబుతుందో మేం దాచడం లేదు. పచ్చబొట్టు పొడిచేవాళ్ళనూ, పొడిపించుకునేవాళ్ళనూ శపించింది. అల్లా చేసిన రూపాన్ని మార్చడం తప్పంది. కానీ ఆడవాళ్ళు చెవులు కుట్టించుకోవడాన్ని ఉలేమాలో ఎక్కువమంది ఒప్పుకున్నారు. పచ్చబొట్టు చర్మం లోపలిది కాబట్టి వజూకు అడ్డం కాదనీ, తీస్తే హాని అయ్యేట్టయితే తౌబా చాలుననీ చెప్పిన పండితులూ ఉన్నారు. శాపం ఒక్కటే మా వాడలకు చేరి, ఈ దయ దారిలోనే ఎందుకు ఆగిపోయింది? ఖయామత్ రోజు తీర్పు చెప్పేవాడున్నాడని నమ్మేవాళ్ళం కదా. శవానికి నీళ్ళు పోస్తూ ముందే తీర్పు చెప్పే తొందర మనకెందుకు?

ఇది సాయిబుల ఇంటిగొడవ అని సెక్యులర్ మిత్రులు పక్కకు తప్పుకోవద్దు. మీరు సున్తీ అనే ఖత్నా మా ఒంటి మీద గుర్తే. 1947లోనూ, 1992-93 బొంబాయి అల్లర్లలోనూ బట్టలు విప్పించి ఆ గుర్తు వెతికారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ తన కవితకు 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టింది ఊరికే కాదు. మేం చెయ్యని నేరం మా పుట్టుకతోనే మా ఒంటి మీద కనిపించేవాళ్ళున్నారు.

రాజ్యమూ ఈ పని చేసింది. కంపెనీ పాలనలో ఖైదీల నుదుట నేరాన్ని పచ్చబొట్టుగా పొడిచే శిక్ష ఉండేది. దాన్ని గోద్నా అనేవాళ్ళు. 1849లో రద్దు చేశారు. ఆ తర్వాత నుదురు వదిలి పుట్టుకనే పట్టుకున్నారు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చి, ఎరుకలవాళ్ళను పుట్టు దొంగలన్నది. స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. 1952 దాకా ఆ చట్టం రద్దు కాలేదు. మా నానీమా చేతిని నొప్పి పోవాలని పొడిచిన ఎరుకలామె కులానికి రాజ్యం పొడిచిన పచ్చబొట్టు అది. 1993లో అమృత్‌సర్‌లో పోలీసులు కొందరు ఆడవాళ్ళ నుదుట 'జేబుకత్రీ' అని పొడిచారు. కోర్టు శిక్ష వేసేసరికి 2016 వచ్చింది.

ఖత్నా కూడా పిల్లవాణ్ణి అడిగి చెయ్యరు కదా అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నానీమానూ ఎవరూ అడగలేదు. మా పేర్లూ మమ్మల్ని అడిగి పెట్టలేదు. మాలో చేరిన బిడ్డ అని తల్లీతండ్రీ పెట్టే గుర్తు వేరు, వీడు మనవాడు కాదని గుంపూ రాజ్యమూ పెట్టే గుర్తు వేరు. మొదటిదాన్ని ఉంచుకోవాలా, వదులుకోవాలా అన్నది పెద్దయ్యాక ఆ మనిషి ఇష్టం. అందులో మేం కూడా అడ్డం రాకూడదు. కానీ ప్రేమతో పెట్టిన గుర్తును పట్టుకుని మనిషిని చంపినా, ఎగతాళి చేసినా, పాపి అన్నా, ఆ తప్పు గుర్తుది కాదు, దాన్ని అలా చదివినవాళ్ళది.

ఆ రోజు గుసుల్ దగ్గర చెయ్యి ఆగిన ఆమెను మా అమ్మీ ఏమీ అనలేదట. చెంబు తీసుకుని, ఆ ముంజేయి తన ఒళ్ళో పెట్టుకుని, "ఇది మా అమ్మ చెయ్యి" అని చుక్కల మీదుగా తనే నీళ్ళు పోసి కడిగిందట. మా మసీదు పెద్దలను గానీ, బయటి మిత్రులను గానీ మేం అంతకంటే ఎక్కువేం అడగడం లేదు.