గట్టి నేల

ఉట్టి మీది పెరుగు ముంత ఊగుతోంది. పిల్లి అనుకుని నాయనమ్మ కట్టె పట్టుకుని లేచింది. పిల్లి లేదు. దూలం సందుల్లోంచి సన్నగా మన్ను రాలింది, ముంత ఇంకాసేపు ఊగి ఆగింది. "భూమి ఒళ్లు ఇరుసుకుంటున్నది, పండుకో బిడ్డా" అని తనూ ఒరిగింది. 1993 సెప్టెంబరు 30, ఇంకా తెల్లవారలేదు.

పొద్దున రేడియో చెప్పింది. మహారాష్ట్రలో కిల్లారి, ఆ చుట్టుపక్కల ఊళ్లు. రాత్రి గణపతిని సాగనంపి అలసి పడుకున్న జనం మీద 3 గంటల 56 నిమిషాలకు ఇళ్లు కూలాయి. లెక్క తేలేసరికి చనిపోయినవాళ్లు పదివేలకు దగ్గర. నాయనమ్మ చాట పక్కన పెట్టి అన్నది ఒకటే మాట: "ఏం పాపం జేసిండ్రో!"

ఆ మాట ఆమె ఒక్కతిదే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. 1934 జనవరి 15న బిహార్ కంపించినప్పుడు గాంధీజీ అన్నదీ అదే: అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని. అంటరానితనాన్ని ఆయనంతగా అసహ్యించుకున్న రవీంద్రనాథ్ టాగోర్ ఈ మాట మాత్రం ఒప్పుకోలేదు. ప్రకృతిలో జరిగినదానికి కారణం ప్రకృతిలోనే వెతకాలన్నారు. గాంధీజీ ఆ అభ్యంతరాన్ని తన 'హరిజన్' పత్రికలోనే అచ్చువేసి, జవాబూ రాశారు, మాట మాత్రం మార్చుకోలేదు. (తన ఆలోచనా గాంధీ ఆలోచనా కలిశాయని తెలిస్తే నాయనమ్మ ఎంత మురిసిపోయేదో.)

నేను టాగోర్ పక్షం. కూలిన గోడ కింద పడి చచ్చినవాడు అంటరానివాడే అయితే, అది ఎవరి పాపానికి ఎవరికి పడిన శిక్ష? 2001 జనవరి 26న గుజరాత్‌లోని అంజార్‌లో, జెండా పండుగ ఊరేగింపులో ఇరుకు సందున పోతున్న బడిపిల్లల మీద ఇళ్లు కూలాయి. వాళ్ల పాపాల చిట్టా చిత్రగుప్తుడి దగ్గర ఉన్నా సరే, దాన్ని చదివే ఓపిక నాకు లేదు.

అయినా నాయనమ్మ ప్రశ్న నన్ను వదల్లేదు. పాపం అన్న మాట తీసేసి ఆ చోట పూచీ అని పెట్టి చూడండి. ప్రశ్న మళ్లీ నిలబడుతుంది.

కిల్లారి జనం ఇళ్లు మీద పడి చచ్చారు. బురదమన్నుతో పేర్చిన మందపాటి రాతి గోడలు, కర్ర కప్పు, దాని మీద మట్టి. ఆ ఫొటోలు చూసినప్పుడు గుండె ఝల్లుమంది. అది మా ఇల్లే. దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద చెక్కలు, పైన చౌడుమన్ను. ఏటా మృగశిర కార్తె రాకముందే, వానకు ఉరవకుండా నాయనమ్మ తట్టలకొద్దీ కొత్త మన్ను మోయించి మిద్దె మీద పోయించేది. కొంగు నడుముకు దోపుకుని తానే కాళ్లతో తొక్కి సదును చేసేది. పాత మన్ను దించినవాళ్లను నేను చూడలేదు. ఏటికి ఒక పొర. ఇంటిని ఎంత పదిలంగా చూసుకుంటే మా నెత్తి మీద అంత బరువు. రాయి ఊరికే దొరికే చోట రాతితో కట్టుకోవడం తప్పని ఆమెకు ఎవరు చెప్పాలి? చెప్పినా, ఇనుమూ సిమెంటూ ఎవరు కొనివ్వాలి?

ఇంకో రకం పూచీ కూడా ఉంది. 2020 జనవరి 26న, అంజార్ పిల్లలు పోయిన తేదీనే (తేదీలకు అర్థాలు వెతికేవాళ్లకు మంచి మేత), రాత్రి 2:37కు పాత నల్లగొండ జిల్లా చింతలపాలెం దగ్గర 4.6 తీవ్రతతో భూమి అదిరింది. అంతకుముందు కొన్నాళ్లుగా చిన్న చిన్న అదురులు. జనం చలిలో వాకిళ్లలో పడుకున్నారు. సున్నపురాయి గనుల పేలుళ్లేమో అన్నవాళ్లున్నారు. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు యంత్రాలు పెట్టి, పక్కనే ఉన్న పులిచింతల జలాశయం నీటిని అనుమానించారు. మన నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన 1967లోనే, డిసెంబరులో మహారాష్ట్రలోని కొయనా డ్యాం దగ్గర 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. జలాశయం వల్ల వచ్చే భూకంపాలకు నేటికీ ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ అది. భారత ఫలకం ఏటా దాదాపు ఐదు సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి లోపలి పాత పగుళ్లలో ముందే ఉంటుంది. నీటి బరువు, రాతి సందుల్లోకి దిగిన తడి దాన్ని కాస్త ముందుగా కదిలిస్తాయి. మరి డ్యాములు వద్దనగలనా? డ్యాం ఎక్కడ కడితే పాలమూరు లేబర్ అక్కడ ఉంటారని పేరు. ఇంటి దగ్గర చెలక ఎండిపోతుంటే పరాయి ఊళ్లో నీళ్లు నిలబెట్టినవాళ్లు వాళ్లు. నీటి విలువ వాళ్లకు నేను చెప్పేదా?

ఇక మన రాయి. నల్లగొండ, పాలమూరు గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఇంత పాత రాయి మీద ఉన్నాం కాబట్టి మనకు భూకంప భయం తక్కువంటారు. అదే రాయిలోని ఫ్లోరైడు బోరునీళ్లలోకి దిగి మర్రిగూడ, నారాయణపురం వైపు పిల్లల పళ్లను గారపట్టించింది, పెద్దల నడుములు వంచింది. మనల్ని కుదురుగా మోసిన రాయే ఎముకల్లో చేరింది. ఏ యంత్రం మీదా గీత పడలేదు, ఎవరూ రాత్రికి రాత్రి వాకిట్లోకి పరుగెత్తలేదు. సాయానికి సైన్యమూ రాలేదు. ఇది ఎవరి పాపమని అడిగితే భూమి వైపు చూపించి తప్పుకోవడం ఇక్కడ మరీ సులువు. నీళ్లిచ్చే పని ఏళ్లకేళ్లు వాయిదా వేసింది మాత్రం భూమి కాదు.

2002 నాటి భూకంప ప్రమాద పటంలో మన రెండు జిల్లాల్లో చాలా భాగం రెండో జోన్. అన్నిటికన్నా తక్కువ భయమున్నది. 1993లో కిల్లారి దానికన్నా తక్కువైన మొదటి జోన్‌లో ఉండేది. 2002లో పటం మార్చినప్పుడు ఆ మొదటి జోన్‌నే ఎత్తేశారు.

మొన్న ఊరికి పోతే, తమ్ముడు మిద్దె మన్నంతా దించి, పాత రాతి గోడల మీదే స్లాబు పోయించాడు. పైన ఇంకో అంతస్తు లేస్తోంది.

"పిల్లర్లు వేయించలేదేందిరా?"

"మనది గట్టి నేల, అన్నా" అంటూ మిషన్ భగీరథ నీళ్ల సంపు కోసం తవ్వుతున్న గుంత దగ్గరికి తీసుకుపోయాడు. నడుము లోతుకు బండ తగిలింది. కూలీ గడ్డపార ఎత్తి వేశాడు. ఖంగుమని నిప్పురవ్వ లేచింది.

"సూసినవా?" అన్నాడు తమ్ముడు.