మావాళ్ళు ఒప్పుకోరు

ఈ మాట నేను మొదట విన్నది మా ఊరి పార్టీ నాయకుడి నోట. కారంచేడు జరిగిన మరుసటేడు, 1986లో. మా నాయనకంటే చిన్నవాడు, అయినా 'ఏరా' అనే పిలిచేవాడు. మంచినీళ్ళ చెరువులో మేం కూడా కడవ ముంచుకుంటామని నాయన అడిగితే, "నాకేం పట్టింపు లేదురా, మావాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. ఆ 'మావాళ్ళు' పట్టుమని పదిమంది లేరు. ఓట్లేసింది మా పేట పేటంతా. మేం ఎట్టాగూ వేస్తాం. వాళ్ళు అలిగితే పార్టీ చీలిపోద్ది. అందుకే ఆయన భయం వాళ్ళతోనే.

అంబేద్కర్ని చదువుతుంటే అదే మాట ఢిల్లీలోనూ వినపడింది. హిందూ కోడ్ బిల్లు ఆడపిల్లకి ఆస్తిలో వాటా, విడాకుల హక్కు ఇస్తానంది. ప్రధాని నెహ్రూకి బిల్లు ఇష్టమే. కాంగ్రెస్‌లోని సనాతనులు అడ్డం తిరిగారు. రాష్ట్రపతి రాజేంద్రప్రసాదూ వద్దన్నాడు. ఎన్నికలు ముందున్నాయి. బిల్లు మూలన పడింది. 1951 సెప్టెంబరు 27న అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. కారణాల్లో ఇదొకటి. ఎన్నికలు గెలిచాక 1955, 56లలో అదే కాంగ్రెస్ దాన్ని నాలుగు చట్టాలుగా విడగొట్టి గట్టెక్కించింది. ముందు గెలవడమే తెలివి అంటారు కొందరు. కావచ్చు. ఈలోగా మొగుడు తన్ని తగిలేసిన ఆడదాన్ని అడిగి వాయిదా వేశారా?

ఇంతవరకూ వేలు ఎదుటివాడి మీదే. ఇక నా సంగతి.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన దండోరా 1996 నాటికి ఊరూరా మోగుతోంది. నేను మాలవాణ్ణి, ఒక దళిత సంఘానికి కార్యదర్శిని. మాదిగల వాటా మాదిగలకి దక్కాలని తీర్మానం రాశాను. విడివిడిగా అడిగితే ఎక్కువమంది న్యాయమే అన్నారు. మీటింగులో నలుగురు లేచి బల్ల గుద్దారు. "ఇది పాసైతే సంఘం రెండు ముక్కలు. రాసినోడు ద్రోహి." న్యాయమన్నవాళ్ళు తలొంచుకున్నారు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

బయట, హాస్టల్లో నాతో ఒకే పళ్ళెంలో తిన్న మాదిగ నేస్తం అడిగాడు: "నువ్వు కూడా మాట్లాడలేదేంట్రా?"

"నాకేం లేదురా, మావాళ్ళు ఒప్పుకోరు" అన్నాను.

ఆ నలుగురు తప్పో ఒప్పో తాము నమ్మింది చెప్పారు. నమ్మింది మింగింది మేం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నాక నేనూ నోరు విప్పాను. వాడు నవ్వి, "ఇరవై ఎనిమిదేళ్ళు పట్టిందిరా నీకు" అన్నాడు.

మీ సంఘాల్లోనూ ఇట్టాంటి కాగితాలు ఉండే ఉంటాయి. జేబులు చూసుకోండి.