శుద్ధి మన ఒంటికేనా?

లేపాక్షి వంటి కరువు సీమలో మరుగుదొడ్డి మాటెత్తగానే వినిపించే జవాబు నీళ్లు లేవనే. 2014లో మొదలైన స్వచ్ఛభారత్ కింద కట్టినవాటిలో కొన్ని కట్టెల కొట్టాలయ్యాయి. నీటిరేవు, బాట, నీడ – ఈ మూడుచోట్ల మలవిసర్జన శాపకారణమని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూదావూద్). అవి నలుగురూ వాడుకునే చోట్లు కదా! ఇస్తింజాతో మన ఒళ్లు శుద్ధమవుతుంది, సరే. మనం వదిలిన మాలిన్యం వానకు కొట్టుకుపోయి పొరుగువాడి బావిలో చేరితే, ప్రళయదినాన ఆ దాసుల హక్కుకు ఏం జవాబు చెబుతాం?

నీటి కొరత నిజమే. అయితే ఆయన (స) ఒక ముద్, అంటే లీటరుకన్నా తక్కువ నీటితో వుజూ చేసేవారు (బుఖారీ, ముస్లిం). మనమో కుళాయి తిప్పి వదిలేస్తాం! అలా పారబోసే నీళ్లు మిగిలిస్తే మరుగుదొడ్డికి రెండు చెంబులు దొరకవా? ఆ బిందె మోసే పని ఇంటి ఆడవారిదేనని ఎవరన్నారు? ఆయన (స) ఇంట్లో ఉన్నంతసేపూ ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ).