మొదట ఏ పుస్తకం ఇవ్వాలి?

"మేడం, విచ్‌క్రాఫ్ట్ గురించి, పేగన్ మతాల గురించి తెలుసుకోవాలంటే మొదట ఏం చదవాలి?"

ఎం.ఏ. చదువుతున్న అమ్మాయి క్లాసు అయిపోయాక వచ్చి అడిగింది. కుతూహలం కొద్దీ అడిగినట్టు లేదు. తనకొక దారి కావాలని అడిగినట్టుంది. రెండు రోజుల్లో జాబితా ఇస్తానన్నాను. రెండు వారాలు పట్టింది. పుస్తకాలు దొరక్క కాదు, వాటిలో ఏది ముందు ఇవ్వాలో తేల్చుకోలేక. ఎవరికైనా ఒక విశ్వాసానికి సంబంధించిన మొదటి పుస్తకం ఇవ్వడమంటే సమాచారం ఇవ్వడం మాత్రమే కాదు. "నీ పూర్వీకులు వీళ్ళు, నీ గాయం ఇది, నీ బలం ఇక్కడుంది" అని చెప్పడం కూడా. అది అబద్ధమైతే ఆ బాధ్యత ఎవరిది?

ఆధునిక పేగన్ ఉద్యమంలోకి వచ్చిన స్త్రీలలో చాలామందికి ఈ దారి చూపినవి రెండు పుస్తకాలు. రెండూ అమెరికాలో 1979 అక్టోబరు 31న వెలువడ్డాయి. ఒకటి స్టార్‌హాక్ రాసిన 'ది స్పైరల్ డాన్స్', రెండోది మార్గో ఆడ్లర్ రాసిన 'డ్రాయింగ్ డౌన్ ద మూన్'. మొదటిది ఆ మతంలో ఉన్న స్త్రీ ఆచరణ కోసం రాసింది. రెండోది ఒక రేడియో జర్నలిస్టు దేశమంతా తిరిగి, పేగన్లను కలిసి, వాళ్ళు చెప్పింది విని రాసింది. ఆడ్లర్ కూడా విశ్వాసే, కానీ ప్రశ్నలు మానుకోని విశ్వాసి.

ఈ మతం స్త్రీలను ఎందుకు పిలిచిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. మతగురువు లేడు. తిరుగులేని గ్రంథం లేదు. దైవం స్త్రీ. శరీరం పాపం కాదు, బహిష్టు మైల కాదు. చంద్రుడి వృద్ధిక్షయాలకూ ఋతువులకూ పండుగలున్నాయి. ఎవరికీ హాని చేయనంతవరకు నీ ఇష్టప్రకారం నడుచుకో అన్నది వాళ్ళలో చాలామంది పాటించే నీతి. నెలకు మూడు రోజులు గడప బయట కూర్చున్న ఆడవాళ్ళ ఇళ్ళనుంచి వచ్చిన మనకు ఇందులో ఏముందో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1978లో కెరల్ క్రైస్ట్ స్త్రీలకు దేవత ఎందుకు కావాలో వివరిస్తూ చేసిన వాదన సారం కూడా ఇదే. దైవాన్ని ఎప్పుడూ పురుషుడిగానే ఊహించే సమాజంలో స్త్రీ తన శక్తిని ఎప్పుడూ అరువు శక్తిగానే చూసుకుంటుందన్నది ఆమె వాదన.

ఇంతవరకు నాకు పేచీ లేదు. పేచీ దీనితో కలిపి చెప్పే చరిత్రతోనే.

ఆ చరిత్ర ఇలా సాగుతుంది. క్రైస్తవానికి పూర్వం యూరప్ అంతటా దేవతను కొలిచే పాత మతం ఉండేది. చర్చి దాన్ని అణచడానికి మంత్రగత్తెలనే ముద్రవేసి తొంభై లక్షలమంది స్త్రీలను తగలబెట్టింది. వాళ్ళు మంత్రసానులు, మూలికావైద్యులు. చావగా మిగిలినవాళ్ళు రహస్యంగా ఆ మతాన్ని కాపాడారు. అదే ఈ రోజు మన చేతికొచ్చింది.

ఈ కథ నేను క్లాసులో చెప్పాను. ఒకసారి కాదు, చాలా ఏళ్ళు. తొంభై లక్షలు అన్నప్పుడు క్లాసంతా నిశ్శబ్దమైపోయేది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చేది కూడా.

ఆ సంఖ్య ఎక్కడిదో తర్వాత తెలిసింది. పద్దెనిమిదో శతాబ్దంలో వోయిట్ అనే జర్మన్ పండితుడు ఒక్క పట్టణపు రికార్డుల్లో దొరికిన మరణాలను లెక్కగట్టి, ఆ నిష్పత్తినే యూరప్ మొత్తానికీ, శతాబ్దాలన్నిటికీ హెచ్చవేశాడు. 1893లో అమెరికన్ స్త్రీవాది మటిల్డా జోస్లిన్ గేజ్ తన 'వుమన్, చర్చ్ అండ్ స్టేట్'లో ఆ సంఖ్యను వాడింది. అక్కడినుంచి అది మన ఉద్యమ సాహిత్యంలోకి నడిచి వచ్చింది. కోర్టు రికార్డులు పరిశీలించిన చరిత్రకారులు ఇప్పుడు ఎక్కువగా చెప్పే అంచనా నలభై వేలనుంచి అరవై వేల మరణశిక్షలు. వాళ్ళలో సుమారు నాలుగింట మూడొంతులమంది స్త్రీలు. ఐస్‌లాండ్‌లోనైతే కాల్చబడినవాళ్ళు దాదాపు అందరూ పురుషులే. మంత్రసానుల కథ కూడా అంత సూటిగా లేదు. నిందితురాలి ఒంటిమీద సైతాను గుర్తులు వెతకడానికి కోర్టులు మంత్రసానులను పిలిపించిన సందర్భాలున్నాయి.

ఇక పాత మతం సంగతి. ఈజిప్టు పురావస్తు పండితురాలు మార్గరెట్ ముర్రే 1921లో ఒక పుస్తకం రాస్తూ, విచారణల్లో బయటపడ్డది నిజంగానే బతికి ఉన్న ఒక ప్రాచీన మతం అని వాదించింది. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరైన జెరాల్డ్ గార్డ్నర్ అనే ఇంగ్లీషాయన ఆ మతం ఇంకా ఉందనీ, తాను అందులో దీక్ష తీసుకున్నాననీ 1954లో 'విచ్‌క్రాఫ్ట్ టుడే'లో ప్రకటించాడు. దానికి ముందుమాట ముర్రేదే. మంత్రగత్తెలకు సంబంధించిన పాత చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేసింది కాబట్టే ఆయన అలా బాహాటంగా రాయగలిగాడు. ముర్రే వాదన సాక్ష్యాలముందు నిలబడలేదు. 1999లో రోనాల్డ్ హటన్ 'ద ట్రయంఫ్ ఆఫ్ ద మూన్'లో ఆ మతపు పోగులన్నీ విప్పి చూపించాడు. రొమాంటిక్ కవిత్వం, రహస్య సంఘాల తంతులు, జానపద సేకరణ, ముర్రే పుస్తకం, గార్డ్నర్ ఊహ, డోరీన్ వాలియెంటే రాసిన ప్రార్థనలు. ఇవన్నీ కలిస్తే ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక కొత్త మతం.

ఇప్పుడు ప్రశ్న. ఒక కథ స్త్రీకి బలం ఇస్తున్నప్పుడు అది నిజం కాదని చెప్పడం అవసరమా? "అది మా పురాణం, చరిత్ర కాకపోతేనేం?" అనే పేగన్ స్త్రీలున్నారు. ఆ మాట నాకు అంగీకారమే. పురాణాన్ని పురాణంగా చెప్పినప్పుడు అందులో మోసం లేదు. ఆడ్లర్ 1979లోనే అలా చెప్పింది. కానీ మొదటిసారి పుస్తకం తెరిచే అమ్మాయికి ఆ తేడా చెప్పకుండా ఇస్తే తన నమ్మకానికి పునాది ఏమిటో ఆమెకు తెలియదు. రేపు ఎవరో ఒక తేదీ చూపించి పునాది లాగేస్తే తన అనుభవం కూడా అబద్ధమే అనుకుంటుంది. అది ఆమెకు మనం చేసే అన్యాయం.

ఇంకో మాట కూడా ఉంది. ప్రాచీనమైనది కాబట్టి పవిత్రమైనది అన్న తర్కం మనకు కొత్తదేమీ కాదు. వేదకాలంనుంచి వస్తోంది కాబట్టి ప్రశ్నించకూడదని మనకు చెప్పినవాళ్ళతో ఇన్నేళ్ళుగా వాదిస్తున్నాం. ఆ తర్కాన్ని వాళ్ళ చేతుల్లోంచి లాక్కుని మన చేతుల్లో పెట్టుకుంటే అది మారిపోతుందా? బతుకమ్మ పాటల్లోకి ఆడవాళ్ళు ఏటా కొత్త మాటలు కలుపుతారు. కొత్తవైనందుకు ఆ మాటల విలువ తగ్గదు. ఆడవాళ్ళు కూర్చుని తమకు కావలసిన తంతును తామే తయారుచేసుకున్నారంటే అందులో తలదించుకోవలసింది ఏముంది? నా దృష్టిలో రహస్యంగా కాపాడిన మతం కన్నా బాహాటంగా కల్పించుకున్న మతమే ఎక్కువ సాహసం.

తొంభై లక్షల మాటకొస్తే, యాభై వేలు సరిపోవనుకున్నానా నేను? ఒక్క ఊరిలో ఒక్క ముసలమ్మను కట్టేసి కాల్చారంటే దానిమీద మాట్లాడటానికి నాకు ఇంకెన్ని సున్నాలు కావలసివచ్చాయి?

ఇక్కడ ఆగి ఉంటే నా జాబితా సులువుగా తయారయ్యేది. కానీ మన దగ్గర ఇంకో చిక్కుంది. 'పేగన్' అన్న మాట లాటిన్ 'పాగానుస్' నుంచి వచ్చింది. దానికి మొదట ఉన్న అర్థాల్లో పల్లెటూరివాడు అన్నది ఒకటి. ఇది తెలియగానే మన పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మలను చూపించి "పేగనిజం మనకు ఇంట్లోనే ఉంది" అనాలనిపిస్తుంది. అనే ముందు కొంచెం ఆగాలి. ఆ అమ్మవార్ల చుట్టూ మాదిగలు, చాకళ్ళు, బైండ్లవాళ్ళు తరతరాలుగా మోస్తున్న పనులున్నాయి, ఆ పనులకు అంటిన కులం ఉంది. ఎల్లమ్మ పేరుమీదే ఆడపిల్లలను జోగినులుగా వదిలారు. దాన్ని ఆపడానికి 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం చేయవలసివచ్చింది. దైవం స్త్రీ అయినంత మాత్రాన స్త్రీకి గౌరవం వచ్చేస్తుందన్న కెరల్ క్రైస్ట్ ఆశ జోగిని ముందు నిలబడి జవాబు చెప్పుకోవాలి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో పచ్చికుండమీద నిలబడి రంగం చెప్పే స్త్రీ మాటను అధికారులు కూడా చేతులు కట్టుకుని వింటారు. ఒంటరిగా ఉండే ఇంకో స్త్రీ వేరే ఊళ్ళో నాలుగు మాటలు తనలో తాను గొణుక్కుంటే మంత్రాలు చేస్తోందంటారు. ఒకరికి దక్కే భక్తీ ఇంకొకరికి తగిలే రాయీ ఒకే భయంనుంచి పుట్టాయని నాకనిపిస్తుంది.

ఆ రాయి గతానిది కాదు. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపారు, తగలబెట్టారు, మంత్రం పారకుండా పళ్ళు ఊడగొట్టారు. మగవాళ్ళనూ వదల్లేదు. బీహార్ 1999లో, ఝార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో ప్రత్యేక చట్టాలు తెచ్చుకున్నాయి. బీహార్ చట్టం ప్రకారం ఒక స్త్రీని 'డాయన్' అని ముద్రవేయడమే నేరం. ఆ ముద్ర పడి ఊరు విడిచి, తనలాంటి స్త్రీలకోసం నిలబడిన ఝార్ఖండ్ ఛుట్నీ మహతోకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. అస్సాంలో ఇదే పోరాటం చేసిన బీరుబాలా రాభాకు అదే ఏడాది ఇచ్చారు. ఆమె 2024లో చనిపోయారు.

అందుకే ఆ అమ్మాయితో అన్నాను: "అమెరికాలో ఆ పేరు పెట్టుకోవడం వేరు. అక్కడ 1968లో స్త్రీవాదులు విచ్ అని పేరు పెట్టుకుని వాల్‌స్ట్రీట్‌కు శాపం పెట్టారు, అందరూ నవ్వారు. ఇక్కడ ఆ మాట మనుషుల్ని చంపుతుంది. చంపే మాటను మనం నగలాగా పెట్టుకోవచ్చా?"

నా మాట నాకే బాగా నచ్చింది. ఆ అమ్మాయి కాసేపు ఊరుకుని, "మా నాయనమ్మని ఊర్ల ఆ మాటన్నరు మేడం. అందుకే అడుగుతున్న" అంది.

నేను ఆమెను టీవీ సీరియళ్ళు చూసి వచ్చిన పిల్ల అనుకున్నాను. నా జాగ్రత్త అంతా ఎవరికోసమని చెప్పుకున్నానో ఆ ఇంటినుంచే ఆమె వచ్చింది. నాయనమ్మ బతికిపోయింది, కానీ పొలం పోయింది, ఊరు మారవలసివచ్చింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తకపోవడం వల్ల అది నిజమేనేమో అన్న భయం పిల్లల్లో అలాగే ఉండిపోయింది. ఆ మాటకు ఇంకో అర్థం ఉన్న చోటు ఎక్కడైనా ఉందా అని ఆమె వెతుకుతోంది.

నగ, ముద్ర అని నేను చేసిన విభజన సరిపోదని అప్పుడర్థమైంది. 'దళిత' అన్న మాటను ఆ బాధలోంచి వచ్చినవాళ్ళే ఎత్తి పట్టుకున్నారు కాబట్టే దానికి బలం వచ్చింది. ఒక పేరును ఎవరు తీసుకోవచ్చన్నదానికి నాకిప్పుడు తోస్తున్న కొలత ఒకటే. ఆ పేరు తీసుకోవడం వల్ల దాన్ని మోస్తున్న ఇంకొకరి బరువు పెరుగుతుందా, తగ్గుతుందా? కోల్‌కతాకు చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి తాను విక్కన్‌నని 1980లలో బహిరంగంగా ప్రకటించుకున్నారు. చదువు, హోదా ఆమెకు రక్షణ అన్నది నిజమే. కానీ ఆ మాటను భయం లేకుండా పలికిన ఒక గొంతు దేశంలో ఉండటం కూడా నిజమే. ఏ పల్లెలో ఏ స్త్రీకి అది ఉపయోగపడిందన్నది విడిగా అడగవలసిన ప్రశ్న, అడుగుతూనే ఉండాలి.

చివరికి నేనిచ్చిన వరుస ఇది. మొదట ఆడ్లర్, ఎందుకంటే ఆమె రకరకాల గొంతులు వినిపిస్తుంది, ఏదో ఒకదాన్నే నమ్మమనదు. వెంటనే హటన్. ఆ తర్వాతే స్టార్‌హాక్. అదీ 1989, 1999 ముద్రణల్లో ఆమె తన పాత రాతలమీద తానే రాసుకున్న వ్యాఖ్యలతో సహా. దైవాన్ని స్త్రీ పురుష ధ్రువాలుగా విడదీసిన తన పాత పద్ధతిని ఆమె అందులో సవరించుకుంది. గురువు తన తప్పు తానే దిద్దుకోవడం కొత్తగా వచ్చినవాళ్ళు చూడాలి. సిల్వియా ఫెడెరిచి 2004లో రాసిన 'కాలిబన్ అండ్ ద విచ్' కూడా ఇచ్చాను, భూమి పోగొట్టుకోవడానికీ ఆ ముద్రకూ సంబంధమేమిటో ఆ అమ్మాయి నాకన్నా బాగా చదవగలదని. ఆమె చరిత్రతో కూడా వాదించేవాళ్ళున్నారని చెప్పే ఇచ్చాను. వీటన్నిటి పక్కన మహాశ్వేతాదేవి 'బాయేన్' కథ. పసిపిల్లల శవాలు పూడ్చే డోమ్ కులపు స్త్రీకి ఆ ముద్ర ఎలా పడిందో చెప్పే కథ.

ఒక మాట నోటితో చెప్పాను. ఏ బృందంలో చేరినా, రహస్యం పేరుతో డబ్బో శరీరమో అడిగితే లేచి వచ్చెయ్. దేవతను కొలిచే చోట కూడా అధికారం ఉంటుంది.

నెల తర్వాత ఆడ్లర్ పుస్తకం తిరిగి ఇచ్చింది. మధ్యలో ఒక చీటీ మరిచిపోయింది. "దేవత ఉందని నమ్మకుండా పూజ చేస్తే అది ఎవరికోసం?" అని రాసుకుంది. కింద నాయనమ్మ పేరు. నేను తర్వాతి వారం క్లాసుకు వెళ్ళి, తొంభై లక్షలని ఇన్నేళ్ళుగా చెప్పింది తప్పని పిల్లలకు చెప్పాను. క్లాసు నిశ్శబ్దంగా లేదు. ఎవరో వెనకనుంచి, "మరి ఎంతమంది మేడం?" అని అడిగారు.