మసకవెలుతురులోని చూపు

మన గోరంట్లలో ప్రొద్దు గ్రుంకిన తరువాత చిత్రావతి గట్టున ఎవరైన నడిచి వచ్చుచున్నయెడల, మనిషి వచ్చుచున్నాడని తెలియును గాని ఏ మనిషియో తెలియదు. బేత్సయిదాలో ప్రభువు ముట్టిన గ్రుడ్డివానికి కూడ మొదట మనుష్యులు చెట్లవలె కనబడిరని మార్కు సువార్త 8వ అధ్యాయములో చదువుచున్నాము. తక్కువ వెలుతురులో కన్ను అసలేమి చేయునో ఈ మాసము కొంచెము తలపోయుదము. దానిలో సంఘమునకు తగులు ప్రశ్న యొకటి యున్నది.

కంటి వెనుకభాగమున కాగితమంత పలుచని పొర యున్నది. దానికి రెటీనా అని పేరు. అందులోని నరకణములు చాలవరకు రసాయనముల ద్వారా ఒకదానికొకటి కబురు పంపుకొనును. అయితే కొన్ని కణములు ప్రక్కప్రక్కన ఆనుకొని, నడుమ సన్నని రంధ్రములు గలిగి, విద్యుత్తును నేరుగా ఒకదానిలోనుండి మరియొకదానిలోనికి పారనిచ్చును. మడికి మడికి నడుమ మడవ తీసి నీళ్లు వదలినట్లన్నమాట. వింత యేమనగా ఈ మడవలు ఎల్లప్పుడు ఒకే తీరుగ నుండవు. 1997లో బ్లూమ్‌ఫీల్డు అను శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును కుందేటి కంటిలో దీనిని పరీక్షించి ప్రకటించిరి. ఒక జాతి కణములు నిండు చీకటిలో కొద్దిపాటి గుంపులుగా మాత్రమే కలిసియుండెను. మసకవెలుతురులో వందలకొలది ఏకమాయెను. వెలుతురు హెచ్చగానే మరల విడిపోయెను. వెలుతురులో కంటిలోనే ఊరు డోపమిన్ అను పదార్థము ఈ మడవలను మూయించును.

ఎందుకట్లు? మసకలో ఒక్కొక్క కణమునకు అందు కబురు బహు బలహీనము. అందులో ఉత్త గజిబిజియు కలిసియుండును. అనేక కణముల కబురు కలిపినయెడల గజిబిజి అణగి నిజమైనది పైకి తేలును. అయితే ఈ కలయికకు వెల యున్నది. గీతలు చెరిగిపోవును, ముఖము పోయి ఆకారము మిగులును. పట్టపగలు ఆ వెల చెల్లింపనక్కరలేదు.

కణములకు మంచిచెడ్డలు తెలియవు. పోలికను మితిమీరి లాగము. అయినను ప్రశ్న నిలిచియున్నది: ఏకమనస్సు ఎల్లవేళల మంచిదేనా?

ఒక కరువు సంవత్సరము, వేరుసెనగ చేలు నిలువున ఎండిపోయినప్పుడు, సంఘ పెద్దలమైన మేము ఇంటింట రాగులు పోగుచేసి పంచితిమి. ఎవరికివారే యుండినయెడల అనేకులకు గింజ దక్కియుండదు. ఇంటికొక కొలత యని అందరము ఒకే మాట మీద నిలిచితిమి. జాబితా చదువునప్పుడు ఒక పడుచుపిల్ల లేచి, ఫలానా ముసలమ్మ యింట ఆమె యొక్కతెయే కాదు, బెంగుళూరికి కూలికి పోయిన కొడుకు విడిచిన పిల్లలు ముగ్గురున్నారని చెప్పెను. అది వెలుతురే. మేము మాత్రము, ఒకరికి మార్చినయెడల ఐక్యత చెడునని చెప్పి ఆమెను కూర్చుండబెట్టితిమి. మసకలో పనికివచ్చిన కట్టును వెలుతురు వచ్చినను విప్పకపోతిమి.

రెండు వారములకు ఆ గడపకు పోయితిమి. పిల్లలలో పెద్దది కుండలో చేయిపెట్టి అడుగు గీకుచుండెను. ముసలమ్మ మమ్మును ఏమియు అనలేదు. లోనికి పోయి చేట తెచ్చి పట్టెను. మేము వట్టిచేతులతో పోయియుంటిమి.